ఇసోగై గారి పంతొమ్మిది నిమిషాలు

నకాసు బార్ల వీధిలో ఉన్న మా బార్‌లో డబ్బు కట్టేది తాగినదానికి కాదు, కూర్చున్న టైముకి. మొదట గంట, తర్వాత అరగంట చొప్పున పొడిగింపు. ఆ టైమంతా టేబుళ్లు చూసుకునే ఇసోగై గారి బుర్రలో ఉండేది. యాభై దాటిన మనిషి, నల్ల కోటు, పూర్వం సిటీ బస్సు డ్రైవరు. గంట నిండబోతుంటే టేబుల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పొడిగించమంటారా అని మెల్లగా అడిగేవారు. అడక్కుండా బిల్లు పెంచే బార్ల పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండేది.

కస్టమర్ల పక్కన కూర్చుని, మందు కలిపిస్తూ కబుర్లు చెప్పే పనికి నేను చేరిన నెల అది. నన్నే కావాలని కోరిన కస్టమర్ల దగ్గర పది పొడిగింపులు వస్తేనే ఉద్యోగం ఖాయం. ఆఖరి రాత్రికి తొమ్మిదయ్యాయి. పదోది టైర్ల కొట్టు మొరిబే గారి చేతిలో ఉంది.

ఆయన పదకొండున్నరకు కూర్చున్నారు. అంతలో ఇంకో టేబుల్ వాళ్లూ నన్నే కోరారు. ఇద్దరు కోరితే అటూ ఇటూ తిరగాల్సిందే, నేను లేనంతసేపూ వేరే పిల్ల కూర్చుంటుంది. అక్కడొకాయన పుట్టినరోజు పాటలు ఎత్తుకుని నన్ను ఓ పట్టాన వదల్లేదు. పరుగున వచ్చేసరికి మొరిబే గారు పొడిగింపు వద్దనేసి కోటు తొడుక్కుంటున్నారు. వేరే పిల్లతో కబుర్లకైతే నిన్ను కోరి అదనంగా కట్టడమెందుకని చిటపటలాడారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

ఇసోగై గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఈ పిల్ల మీ దగ్గరున్నది నలభై ఒక్క నిమిషాలేనండి. తక్కిన పంతొమ్మిదీ నా జీతంలోంచి. కూర్చోండి."

మొరిబే గారు నవ్వేసి కోటు విప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఉచిత నిమిషాలు పొడిగింపు కిందకి రావు. అవి అయ్యేసరికి పన్నెండు నలభై తొమ్మిది. ఒంటిగంటకు చట్టప్రకారం తలుపులు మూయాలి.

ఇసోగై గారు మళ్లీ వచ్చారు. "పొడిగిస్తే పూర్తి అరగంట డబ్బు తీసుకుంటాం. ఉన్నది పదకొండు నిమిషాలే. నన్నడిగితే వద్దండి."

ఆ ముసలాయన పీక పిసకాలనిపించింది నాకు.

మొరిబే గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఇరవై ఏళ్లుగా ఈ వీధికొస్తున్నా. వద్దని చెప్పినవాడివి నువ్వొక్కడివే. రాసుకో, అరగంట."

పది! ఆ సంతోషంలో సీసా అందుకోవడమే మర్చిపోయాను. ఆ పదకొండు నిమిషాలూ విస్కీలో నీళ్లు కలిపింది మొరిబే గారే, తన గ్లాసులోనూ నా గ్లాసులోనూ.