మొదటి ఖానా

నా చేతులమీదుగా జరిగిన ఘోరాల్లో ఇది పెద్దది. అందులో కత్తి లేదు, నిప్పు లేదు. ఒక రిజిస్టరు, ఒక పెన్సిలు, ఇరవై మూడేళ్ల నా బుర్ర మాత్రమే ఉన్నాయి. ఈ మూడింటిలో ఏది ప్రమాదకరమో చివరికి మీరే చెబుతారు.

నైజాం రాజ్యం పోయి పదేళ్లు కావస్తున్న రోజులు. బెజవాడలో మేనమామ ఇంట్లో ఉండి చిన్న బడి నుంచి బి.ఏ. దాకా చదివి, సొంత ఊరు తాండూరుకు బడిపంతులుగా తిరిగొచ్చాను. బి.ఏ.లో నాకు స్టాటిస్టిక్స్ ఒక పేపరు. ఆ ఒక్క పేపరు చూసుకుని ప్రపంచాన్ని కొలిచి పారేయగలనని నా నమ్మకం. ఊళ్లో హాకీ టీము ఉండేది. చదువుకున్నవాడు కదా అని నన్ను దానికి సెక్రటరీని చేశారు. నేను అంతకుముందు హాకీ కర్ర పట్టుకున్న పాపాన పోలేదు.

ఆ ఏడు వికారాబాద్ టీముతో ఆట కుదిరింది. చూడటానికి రైల్వే ఆఫీసరు ఒకాయన వస్తాడని, బాగా ఆడిన ఒకణ్ని రైల్వే టీములోకి తీసుకుని నౌకరీ ఇస్తాడని కబురొచ్చింది. అది విన్నప్పటినుంచి మా టీములో ఆడే మల్లేశానికి నిద్రలేదు. మల్లేశానిది పక్క ఊరు పెద్దేముల్, గొర్లు కాచే కుటుంబం. తాండూరు గనుల్లో బండలు మోసేవాడు.

"మా అన్న నడుము ముప్పై ఏండ్లకే వంగింది సార్" అన్నాడు ఒకరోజు. "గీ నౌకరీ దొర్కకుంటే నాది గూడ గంతే."

"ఫికర్ వద్దు. పక్షపాతం లేకుండా లెక్కకట్టి టీమును వేస్తాను" అన్నాను. నా అభయం అలాంటిది.

టీము లెక్కలన్నీ ఖాజా మున్షీగారి రిజిస్టరులో ఉండేవి. ఆయన చదువంతా ఉర్దూలో. ఏళ్ల తరబడి ప్రతి ఆటలో ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని తప్పులు చేశారు అని రాసి ఉంచాడు. అంకెలు ఇంగ్లీషువే కాని పేర్లూ పై శీర్షికలూ ఉర్దూ. నాకు ఉర్దూ రాదు. ఆయన పేర్లు చదువుతుంటే పక్కనే తెలుగులో రాసుకున్నాను. ప్రతి పేరుకూ రెండు నిలువు వరసల్లో, ఆయన మాటలో రెండు ఖానాల్లో, అంకెలున్నాయి.

"ఈ రెండు ఖానాలేమిటి మున్షీగారూ?"

"మొదటి ఖానా గోల్. రెండో ఖానా గల్తీ. సమజైందా?"

"అయింది" అన్నాను. ఆయన పరిగిలో బిడ్డ ఇంటికి పోయే తొందరలో ఉన్నాడు.

గోల్స్‌లోంచి గల్తీలు తీసేసి, ఆడిన ఆటలతో భాగించి, పద్నాలుగు మందికీ ర్యాంకులు వేశాను. మొదటి ర్యాంకు బసప్పకు వచ్చింది. బసప్ప కిరాణా కొట్టు యజమాని, ఇంట్లో కన్నడం మాట్లాడతాడు, పది అడుగులు పరుగెత్తితే పదకొండోది కూర్చుని వేస్తాడు. మల్లేశం పద్నాలుగో వాడు.

"హౌదా? నేనా?" అన్నాడు బసప్ప. ఆయనే నయం, నిజమా అని అడిగాడు; నాకు ఆ అనుమానం కూడా రాలేదు.

కెప్టెన్ రత్నం లిస్టు రెండుసార్లు చదివాడు. "సార్, మల్లేశం ఆట మీరు చూడలేదా?"

"చూశాను. కళ్లు మోసం చేస్తాయి రత్నం, అంకెలు చెయ్యవు."

వికారాబాద్ రైల్లో మల్లేశం అందరి హాకీ కర్రలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దిగేముందు మాత్రం మెల్లగా అడిగాడు: "నేనేం తప్పు జేసిన సార్?" నేను జేబులో ఉన్న లిస్టు తడుముకుని ధైర్యం తెచ్చుకున్నాను.

ఆట మొదలైంది. సగం ఆటకు మా మీద ఐదు గోల్స్ పడ్డాయి. బసప్ప బంతిని ఒకే ఒక్కసారి తాకాడు, అదీ మోకాలితో. కుర్చీలో కూర్చున్న ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పరిగి బస్సు దిగి మున్షీగారు వచ్చాడు.

"మల్లేశం బయట కూసున్నడేంది?"

లిస్టు చదివి వినిపించాను. ఆయన నా మొహంలోకి చూశాడు.

"మొదటి ఖానా ఏది సార్?"

"ఎడమవైపుది."

"ఉర్దూ ఎటునుంచి రాస్తరు?"

కుడినుంచి. పేర్లు కూడా కుడి అంచునే ఉన్నాయి. అంటే నేను గల్తీలను గోల్స్‌గా లెక్కపెట్టి, ఊళ్లో ఎక్కువ తప్పులు చేసినవాణ్ని ముందు నిలబెట్టాను.

వికారాబాద్ కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాను. ఆట మధ్యలో మనిషిని మార్చే ఆనవాయితీ లేదన్నాడు. బతిమాలాను. ఐదు గోల్స్ ఆధిక్యం ఉన్నవాడికి దయ సులభం కదా, "ఒక్కణ్ని మార్చుకో పో" అన్నాడు. బసప్ప ఆ మాట పూర్తి కాకముందే చొక్కా విప్పేశాడు. అది మల్లేశానికి మోకాళ్లదాకా వచ్చింది.

ఇటు తిరిగేసరికి ఆఫీసరు లేచి స్టేషను వైపు నడుస్తున్నాడు. ఎదురెళ్లి నిలబడ్డాను.

"సార్, జర ఆగండ్రి."

"రైలుకు టైమైంది."

నా బెజవాడ భాష ఎటు పోయిందో పోయింది. "తప్పు నాది సార్. ఉర్దూ లెక్కను ఉల్టా చదివిన. అసలు ఆడేటోన్ని బయట కూసోబెట్టిన. పది నిమిషాలు చూడండ్రి, నా పరువు పోయినా మంచిదే, వాని బతుకు పోవద్దు."

నా సంచిలో తెచ్చుకున్న రిజిస్టరు అడిగి తీసుకుని చూశాడు. ఉర్దూ వచ్చినవాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపు మల్లేశం ఒక గోల్ కొట్టాడు. చొక్కా అంచు నోట కరిచి మరో మూడు కొట్టాడు. ఐదు నాలుగుతో ఓడిపోయాం. ఆఫీసరు రైలు వెళ్లిపోయింది. మల్లేశం పేరు ఆయన పుస్తకంలోకి ఎక్కింది. వాడు నా రెండు చేతులూ పట్టుకుంటే నేను తల ఎత్తలేకపోయాను.

వెళ్తూ ఆఫీసరు నా భుజం తట్టాడు. "లెక్క చాలా బాగుంది మాస్టారూ. వచ్చే ఏడు కూడా లిస్టు తప్పక పంపండి. నేను కిందినుంచి చదువుకుంటా."

ఆనాడే వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద, పద్నాలుగు మంది ఆటగాళ్ల సాక్షిగా శపథం చేశాను. ఎవరు 'మొదటిది' అన్నా, ఏ వైపునుంచో అడగనిదే చెయ్యి కదపను. ఇన్నేళ్లలో ఒక్కసారే తప్పాను. మొదటి డబ్బాలో చక్కెర, రెండో డబ్బాలో ఉప్పు ఉందని చెప్పి మా ఆవిడ పక్కింటికి వెళ్లిన రోజది. ఆనాడు నా చాయ్ తాగిన చుట్టాలు మళ్లీ మా గడప తొక్కలేదు.