భూమధ్యరేఖ దాటిన రెండు టికెట్లు

మా ఇంట్లో విమానం టికెట్లు కొనడం ఒక వ్రతం. దానికి పురోహితుణ్ణి నేనే. ఆదివారం పొద్దున దోసెలు తినడం అయ్యాక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటాను. ఒకే టికెట్‌ని నాలుగు సైట్లలో చూస్తాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే నాకు చిరాకు. చవగ్గా కనబడే టికెట్‌కి సూట్‌కేసు ఖర్చూ సీటు ఖర్చూ కలిపితే అది చవక కాదని తేలుతుంది. అలా తేలినప్పుడల్లా దొంగను పట్టుకున్నంత సంబరపడతాను. అమెరికాలో మేముండే చాండ్లర్ ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్లలో సగం మంది తెలుగువాళ్ళే. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఈ విషయంలో నాకు కాస్త గర్వం ఉంది, దాచుకోను.

ఆ ఏడాది వేసవికి హవాయి అనుకున్నాం. దానికి కారణం ఉంది. ఈ దేశంలో ఉండి పని చేసుకోవడానికి నా దగ్గరున్న అప్రూవల్ కాగితం సరిపోతుంది. గడప దాటి మళ్ళీ లోపలికి రావాలంటే మాత్రం పాస్‌పోర్టులో వీసా స్టాంప్ ఉండాలి. నాది ఎప్పుడో చెల్లిపోయింది. కొత్తది వేయించుకోవాలంటే ఇండియా వెళ్ళి అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి పడిగాపులు పడాలి. ఈలోగా ఇక్కడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అందుకని దేశం దాటకుండా సముద్రం దాటే చోటు కావాలి. హవాయి అందుకు పనికొస్తుంది.

మా ఆవిడ పెళ్ళికి ముందు గుడివాడలో హైస్కూల్ టీచర్. సోషల్ చెప్పేది, అందులోనూ జాగ్రఫీ అంటే ప్రాణం. ఇక్కడికి వచ్చాక ఆమె వీసా మీద డిపెండెంట్ అని పడింది. ఉద్యోగం చేసే వీల్లేదు. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటుంది. నేను హవాయి దీవుల మధ్య తిరిగే విమానాల ధరలు చూస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. గ్లాసు కింద చెమ్మలో వేలు ముంచి టేబుల్ మీద పెద్ద త్రిభుజం గీసింది.

"ఏమండీ, పాలినేషియా అంటే ఇదంతా. హవాయి పై కొన. ఈ మూల న్యూజిలాండ్, ఆ మూల ఈస్టర్ ఐలాండ్. మధ్యలో ఎన్ని దీవులో! ఏటా బోర్డు మీద చుక్కలు పెట్టడమే గానీ ఒక్క చుక్కయినా చూళ్ళేదు నేను."

త్రిభుజానికి అడ్డంగా ఒక గీత గీసి మళ్ళీ అంది. "భూమధ్యరేఖకి అవతల ఒక్కటి చూస్తే చాలు నాకు."

ఆమె ఏదైనా కావాలని అడగడం చాలా అరుదు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది, భయం కూడా వేసింది. అవతల ఉన్నవన్నీ వేరే దేశాలు కదా. అయినా వెతికాను. ఒక దీవి దగ్గర నా వేలు ఆగిపోయింది. అమెరికన్ సమోవా. పేరులోనే అమెరికా ఉంది. జెండా అమెరికాది, డబ్బు డాలర్లు. హొనలూలూ నుంచి విమానం ఉంది, వారానికి రెండు మూడే అయినా. మామూలుగా కొంటే ఖరీదే. కానీ క్రెడిట్ కార్డు మీద ఏళ్ళ తరబడి పోగేసిన మైల్స్ వాడితే, హవాయిలో పక్క దీవికి వెళ్ళొచ్చే ఖర్చుతోనే పనైపోతుంది. మూడు రోజులు ముందూ వెనకా జరిపి చూశాను, ఒక తేదీకి మూడు సీట్లు దొరికాయి. మా ఇద్దరికీ, మా అమ్మాయికీ బుక్ చేసేశాను. ఆమెకి చూపిస్తే స్క్రీన్ మీద భూమధ్యరేఖ గీతని, కింద ఆ చుక్కని, మళ్ళీ నన్నూ చూసింది. ఆ పూట పాయసం వండింది.

మర్నాడు ఆఫీసులో లంచ్ దగ్గర ఈ ఘనకార్యం చెప్పుకున్నాను. కరీంనగర్ కుర్రాడొకడు నాతో పని చేస్తాడు. వీసా సంగతులు మా అందరికంటే వాడికే ఎక్కువ తెలుసు, వాడి కేసు అన్ని తిప్పలు పడింది మరి. తినడం ఆపి నా వైపు చూశాడు.

"అన్నా, నీకు స్టాంపింగ్ ఉందా?"

"లేదురా. అమెరికాలోనే కదా తిరిగేది."

"పేరు చూసి మోసపోకన్నా. జెండా మనదే గానీ, ఇమ్మిగ్రేషన్ లెక్కల అది బయటి దేశమే. పోతే పోతవ్, మళ్ల లోపటికి రానీకి స్టాంప్ కావాలె. ఆడికి పోనీకి గూడ వాళ్ల పర్మిషన్ వేరేగ తీస్కోవాలె."

నమ్మబుద్ధి కాలేదు. డెస్క్ దగ్గరికి వెళ్ళి చదివాను. వాడు చెప్పిందే నిజం. ఊళ్ళోవాళ్ళందరి టికెట్లూ చూసిపెట్టే పెద్దమనిషిని, నా పప్పులో నేనే కాలేశాను. బుక్ చేసిన మర్నాటిదాకా ఊరికే రద్దు చేసుకునే వీలుంది గనక సాయంత్రం లోపల ఏదో ఒకటి తేల్చాలి.

కారు నడుపుతూ ఆలోచించాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, దానికి ఏ గొడవా లేదు. మా ఆవిడ కిందటేడాది తమ్ముడి పెళ్ళికి ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుని వచ్చింది. నాకు ఆఫీసులో ప్రాజెక్టు పీకల మీదుండి ఆ పెళ్ళికి వెళ్ళలేదు. అంటే మా ముగ్గురిలో వెళ్ళి తిరిగి రాలేనివాణ్ణి నేనొక్కణ్ణే.

సంగతంతా చెబితే ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "మూడూ క్యాన్సిల్ చేసేయండి."

"నాదొక్కటే చేస్తాను. మీరిద్దరూ వెళ్ళి రండి. నేను హొనలూలూలో ఉంటాను."

"మీరు లేకుండా నేనెందుకు? అయినా తిరిగొచ్చేటప్పుడు ఆ ఆఫీసరు ఏదో అడిగి ఆపేస్తే? పిల్లతో అక్కడ నేనేం మాట్లాడగలనండీ?"

ఆమె భయం నాకూ ఉంది. ఎంత స్టాంప్ ఉన్నా, ఆ కౌంటర్ ముందు నిలబడినప్పుడు మాలో ప్రతివాడికీ నోరెండిపోతుంది. రానివ్వకపోతే మా సంసారం రెండు ముక్కలవుతుంది. అయినా ఆ టేబుల్ మీద త్రిభుజం గీసిన వేలు నన్ను వదల్లేదు.

"ముప్ఫై మంది పిల్లల్ని నోరు మూయించినదానివి, ఒక్క ఆఫీసరుకి జవాబు చెప్పలేవా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. పప్పుకి పోపు పెట్టింది, గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది. మా అమ్మాయి హోంవర్క్ మీంచి తలెత్తి, "అమ్మా, నీకు వెళ్ళాలి ఉందా, లేదా? జస్ట్ చెప్పు" అంది. ఆమె పొయ్యి వైపే తిరిగి ఉండి, "ఉంది" అంది. నేను నా టికెట్ రద్దు చేశాను.

అక్కడి అనుమతి కోసం ఆమే మెయిల్ రాసింది. నేను రాస్తానన్నా ఇవ్వలేదు. తప్పుల్లేని, కాస్త బిగుసుకున్న టీచరమ్మ ఇంగ్లీషు. జవాబు వచ్చిన రోజు దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

జూన్‌లో వెళ్ళాం. హొనలూలూలో కొన్నాళ్ళున్నాం. ఒక రోజు పొద్దుటి విమానంలో కవాయికి వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాం. సూట్‌కేసు లేకుండా వెళ్తే ఆ టికెట్ నిజంగానే చవక. ఎక్కినంతసేపు కూడా పట్టదు, ఇచ్చిన జామరసం తాగేలోపే దిగమంటారు. ఆమె కిటికీకి ముక్కు ఆనించుకుని కూర్చుంది. నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత వాళ్ళిద్దర్నీ సమోవా విమానం ఎక్కించాను. సెక్యూరిటీ దాకా ధైర్యంగానే ఉన్నాను. మా అమ్మాయి, "డాడీ, నువ్వు లోన్లీ అవ్వకు, ఓకే?" అంది. ఆ మూడు రోజులూ అంత అందమైన సముద్రం ఎదురుగా ఉన్నా నాకు ఏదీ రుచించలేదు. హోటల్ గదిలో పెరుగన్నం కలుపుకుని తిన్నాను. ఫోన్లో ఆమె గొంతు హుషారుగా ఉండేది. అక్కడి కొండల గురించి, రోడ్డు పక్కన చర్చిల గురించి, తలంటుకుని చెవి వెనక పువ్వు పెట్టుకునే ఆడవాళ్ళ గురించి ఏకధాటిగా చెప్పేది. నేను ఊ కొడుతూ తిరుగు ప్రయాణం గురించే ఆలోచించేవాణ్ణి.

వాళ్ళ విమానం తెల్లవారుతుండగా దిగుతుంది. నేను ముందే వెళ్ళి బయట తలుపు దగ్గర నిలబడ్డాను. సమోవా నుంచి వచ్చినవాళ్ళు గుంపులు గుంపులుగా బయటికి వస్తున్నారు, ఎదురొచ్చినవాళ్ళ మెడలో దండలు వేస్తున్నారు, ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. గుంపు పల్చబడింది. మావాళ్ళు రాలేదు. ఎందుకు పంపానా అనుకున్నాను. తలుపు ముందు అటూ ఇటూ తిరిగాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంకా ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు, ఆ తర్వాత ఒక కుటుంబం వచ్చింది.

ఆ వెనకే మా అమ్మాయి, దాని వెనక సూట్‌కేసు లాక్కుంటూ ఆమె. నేను పరుగెత్తాను. పదిమందిలో ఎప్పుడూ చెయ్యి పట్టుకోనిది, వచ్చి నా చొక్కా పట్టుకుని నిలబడింది.

"ఇంతసేపేం చేశారు? ఏం అడిగారు?"

"లైన్ పెద్దదండీ, అంతే. ఏం చేస్తుంటారని అడిగాడు."

"ఏమన్నావ్?"

మా అమ్మాయి అందుకోబోతే ఆమె దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"టీచర్‌ని అన్నాను. జాగ్రఫీ చెప్తానన్నాను. అక్కడికెందుకు వెళ్ళారంటే, పిల్లలకి చెప్పినవి నిజంగా ఉన్నాయో లేదో చూడ్డానికి అన్నాను. నవ్వేసి పాస్‌పోర్ట్ ఇచ్చేశాడు." అని నా మొహంలోకి చూసింది. "నోట్లోంచి అలా వచ్చేసిందండీ. అబద్ధం చెప్పానా?"

"లేదు, నిజమే చెప్పావు" అన్నాను.

ఆమె అక్కడే, మనుషులు అటూ ఇటూ పోతుండగా, నా చొక్కా వదలకుండా ఏడ్చింది.