పసుపు వేళ్ల గుర్తులు

అరవైల చివర్లో, దసరా మరునాడు, నొప్పులు పడుతున్న నా భార్యను మా పాత జీపులో నాంపల్లి నుంచి దవాఖానకు తీసుకెళ్తున్నాను. వెనక అమ్మ ఆమెను పట్టుకుని కూర్చుంది. అబిడ్స్ రద్దీలో యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజన్ ఆగిపోతోంది.

దిగి బానెట్ ఎత్తాను. ఇంజన్ నుంచి, దాని గాలి పీల్పుతో నడిచే వైపర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం ఊడింది. ఆ సందులోంచి గాలి లోపలికి పోయి ఇంజన్ నిలవడం లేదు. గొట్టం మీద పసుపు వేళ్ల గుర్తులున్నాయి. ముందురోజు పూజకు ఇంజన్ తుడిచి పసుపు, కుంకుమ పెట్టింది అమ్మే. గుర్తులు తుడిచేసి గొట్టం బిగించాను.

"ఏమైంది బిడ్డా?" అంది అమ్మ.

"ఏంగాలేదమ్మా. గొట్టం పాతది, దానంతట అదే ఊడింది."

అమ్మ నా అంగీకి అంటిన పసుపు వైపు చూసింది.

వేళకే చేరాం. పాప పుట్టింది. మరుసటి దసరాకు అమ్మ పసుపు గిన్నె నా చేతికిచ్చి, జీపుకు దూరంగా జరిగింది.

"నువ్వే పెట్టు బిడ్డా. నేను ముట్ట."