బోణీ సీసా

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదువుతానంటే హెడ్‌మాస్టరు మా నాన్నను పిలిపించి, "మీవాడు ఇక్కడే ఉంటే వెనక వచ్చే పిల్లలకు బెంచీలు చాలవు" అన్నాడు. సైన్సులో నాకు పడిన మార్కులన్నీ నోటు పుస్తకానికి అట్ట నీటుగా వేసినందుకు పడినవే. అటువంటివాణ్ణి, నలభై దాటాక, బెంగళూరులో జిన్ను తయారుచేసే కంపెనీకి డైరెక్టరునయ్యాను. విజిటింగు కార్డు మీద 'మాస్టర్ డిస్టిలర్' అని వేద్దామంది డిజైనరు అమ్మాయి. మాస్టర్ అన్న మాట చూస్తే నాకు ఇప్పటికీ అరచెయ్యి చురుక్కుమంటుంది. వద్దన్నాను.

మాది పేటలో రాగి, ఇత్తడి పాత్రల అంగడి. తాతల నాటి నుంచి ఈ ఊళ్లోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, గిరాకీతో కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి. గల్లా దగ్గర మా అన్న కూర్చుంటాడు. పక్కనే వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని ఒక స్టూలు, దాని మీద నేను. వచ్చినవాళ్లను నవ్వించడం నా ఉద్యోగం. వాళ్లు నవ్వి తేరుకునేలోగా అన్న తూకం ముగించేవాడు. ఆ స్టూలు మీద నుంచి నేను ఏం మాట్లాడినా నవ్వేవాళ్లు. చివరికి "అన్నా, పైకప్పు కారుతోంది" అన్నా నవ్వేవాళ్లు. మనం చెప్పిన మాట ఒక్కటైనా ఎవరైనా నవ్వకుండా వినే చోటు ఒకటి కావాలని అనిపించేది.

ఆ చోటు మా బామ్మర్ది చూపించాడు. వాడు బొమ్మసంద్రలో రంగుల ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజనీరు. ఒకరోజు ఉద్యోగం మానేసి వచ్చి, "బావా, ఈ ఊళ్లో ఇప్పుడు అందరూ క్రాఫ్ట్ జిన్ను తాగుతున్నారు. మనమే తయారుచేస్తే?" అన్నాడు.

"ఫ్యాక్టరీలో థిన్నర్ ఏమైనా మిగిలిందా?" అన్నాను. వాడు నవ్వలేదు. నాకు అదే నచ్చింది.

అన్నకు చెప్తే చాలాసేపు త్రాసు తుడుస్తూ కూర్చున్నాడు. "సారాయి బట్టీ అని ఇంట్లో ఆడోళ్ల ముందర అనబాకు. ఫ్యాక్టరీ అను. దీపావళి దాకా చూస్తా. అంతలోకి ఒక్క గిరాకీ కూడా దొరక్కపోతే వచ్చి నీ స్టూలు మీద కూర్చో. దాన్ని ఇంగెవురికీ ఇయ్యను" అన్నాడు. ఆ చివరి మాట అన్న ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

సొంతంగా లైసెన్సు తెచ్చుకోవాలంటే మా అంగడితో పాటు పక్క అంగడి కూడా అమ్ముకోవాలి. అందుకని ఆనేకల్ దాటాక, లైసెన్సున్న ఒక పాత డిస్టిలరీలో ఓ మూల అద్దెకు తీసుకున్నాం. వాళ్లు క్వార్టరు సీసాల్లో చవక విస్కీ నింపుతారు. మధ్యలో నడుం ఎత్తు గోడ. గోడకు అటువైపు మందు, ఇటువైపు కళ.

జర్మనీ నుంచి బట్టీ తెప్పించుకునే స్తోమత లేదు. పెళ్లి వంటలకు అండాలు చేసే మా అంగడి మేస్త్రి చేతనే రాగి బట్టీ చేయించాం. బామ్మర్ది ఇచ్చిన బొమ్మ ప్రకారమే చేశాడు. అయినా చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ రెండు పక్కలా ఎత్తడానికి కడియాలు పెట్టాడు. దూరం నుంచి చూస్తే సాంబారు కాగుతున్నట్టే ఉండేది. ఆవిరిని చల్లార్చే గొట్టానికి నీళ్లు తోడేది పాత ఎయిర్‌కూలరు మోటారు. ధనియాలు, శొంఠి, నిమ్మతొక్కలు పేటలోనే దొరికాయి. జిన్నుకు అసలు వాసన తెచ్చే జునిపర్ కాయలు మాత్రం విదేశాల నుంచి రావాలి. బామ్మర్ది వాటిని జపమాల పూసల్లా ఒక్కొక్కటే వేసేవాడు.

డిజైనరు అమ్మాయి, "మీ బ్రాండుకు స్టోరీ ఏమిటి సార్? తాతగారి రహస్య రెసిపీ లాంటిది?" అని అడిగింది. మా తాత జీవితంలో తాగిన ఘాటైన పదార్థం శొంఠి కషాయం, అదీ జ్వరం వస్తేనే అని చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకుంది. మర్నాడు లేబులు మీద 'తరతరాల శొంఠి సంప్రదాయం' అని వచ్చింది. బడి మానేసి నేను తప్పు చేయలేదని ఆరోజే తెలిసింది. చదువుకున్నవాళ్లు అబద్ధాన్ని కూడా అంత కష్టపడి చెప్పాల్సి వస్తుంది.

ఇక గిరాకీ. తిరగని బారు లేదు. చివరికి కోరమంగలలో ఒక బారు యజమాని దొరికాడు. అనంతపురం వైపు మనిషి. ఇళ్లు కట్టించే కాంట్రాక్టులు చేసి, తర్వాత బారు పెట్టాడు. "మొదటి రోజు పిలువు. వచ్చి చూస్తా. బాగుంటే డిపోలో నీ సరుకే కావాలని అడుగుతా" అన్నాడు. మందంతా ప్రభుత్వ డిపో నుంచే కొనాలి. అక్కడ ఒక్కరైనా మా పేరు చెప్పి అడిగితే తప్ప మా సీసాకు దారి లేదు. దీపావళి దగ్గర పడుతోంది. నాకున్న ఆశంతా ఈయనే.

మొదటి రోజు అన్న పట్టుపంచె కట్టుకుని, గుమ్మడికాయ, కొబ్బరికాయలు, తాంబూలం పళ్లెంతో వచ్చాడు. బట్టీ మెడకు పూలదండ, పొట్టకు పసుపు, కుంకుమ. ఎక్సైజు గార్డు కూడా చెప్పులు విడిచి నిలబడ్డాడు. మంట పెట్టిన కాసేపటికి గొట్టం చివర తొలి చుక్క మెరిసింది. అందరం చేతులు జోడించాం.

బామ్మర్ది మాత్రం చిన్న బకెట్టు తెచ్చి కింద పెట్టాడు. "మొదట వచ్చేది పారబోయాలి."

"పారబోసేదా? యాడ?" అన్నాడు అన్న.

"మోరీలో, పెద్దబావా."

"ఏమప్పా, పుట్టింది పుట్టినట్టే లక్ష్మిని మోరీలో పోస్తావా?"

"ఇది లక్ష్మి కాదు. గోళ్ల రంగు తుడిచే మందు ఉంటుందే, ఇంచుమించు అది. తాగకూడదు. దీని వెనక వచ్చేదే అసలు జిన్ను."

"గోళ్ల రంగో, గోడ రంగో. అంగట్లో మొదట వచ్చింది మోరీకి పోదు. సొట్ట పడిన చెంబైనా మేము బోణీకే ఇస్తాము."

అది నిజమే. కొత్త సరుకులో మొదటి వస్తువు మొదటి గిరాకీకే చేరాలి. పారేస్తే ఆ సరుకంతా పీడ అని మా ఇంటి నమ్మకం. ఇద్దరూ నా వైపు చూశారు. జీవితంలో మొదటిసారి నా మాట కోసం ఇద్దరు మనుషులు నవ్వకుండా ఎదురుచూస్తున్నారు. "సీసాలో పట్టి దేవుడి ముందు పెడదాం. పారబోసినట్టూ కాదు, తాగినట్టూ కాదు" అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఐక్యరాజ్యసమితి నన్ను ఎందుకు పిలవలేదా అనుకున్నాను.

ఆ సీసాకు అన్నే పసుపుదారం చుట్టి, పువ్వు పెట్టి, పటం ముందు ఉంచాడు. అదంతా అయ్యాక బారు యజమాని కారు దిగాడు. కాసేపటికి అసలు జిన్ను వచ్చింది. నిమ్మతొక్క, ధనియాల వాసన షెడ్డంతా నిండింది. గోడకు అటువైపు విస్కీ సీసాలు నింపే ఆడవాళ్లు పని ఆపి ముక్కులెత్తారు. బామ్మర్ది కళ్లు తుడుచుకున్నాడు. శాంపిలు సీసా నింపి బల్ల మీద పెట్టాడు. అప్పుడే కూలరు మోటారు ఆగిపోయింది. ఇద్దరం అటు పరుగెత్తాం.

మేము మోటారును తంతున్న సమయంలో బారు యజమానికి బయల్దేరే వేళయింది. శాంపిలు ఇవ్వాలి. అన్న ఎదుట రెండు సీసాలున్నాయి. ఒకటి బల్ల మీద, లేబులైనా లేకుండా, బోడిగా. ఇంకొకటి పసుపుదారంతో, పువ్వుతో, దేవుడి ముందు. వచ్చింది మొదటి గిరాకీ. పాత్రల వ్యాపారం చేసే ఏ పెద్దమనిషైనా ఏ సీసా ఇస్తాడు? తాంబూలం పళ్లెంలో పెట్టి, రెండు చేతులా అందించాడట. ఆయన కళ్లకద్దుకుని తీసుకున్నాడట.

మేము తిరిగొచ్చేసరికి పటం ముందు ఖాళీ. "ఇచ్చేసినా. బోణీ బ్రహ్మాండంగా అయిపాయ" అన్నాడు అన్న. బామ్మర్ది గేటు దాకా పరుగెత్తి, కారు లేదని చూసి తిరిగొచ్చాడు. నేను బారు యజమానికి ఫోను చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. సాయంత్రం ఆయనే చేశాడు.

"ఏమప్పా, నీ సీసా మూత తీస్తే బ్యూటీ పార్లరు వాసన వచ్చినాది. ఈడ నా గిరాకీలు వాసన చూసి, ఒకాయన గులాబీ అంటాండాడు. ఇంగొకాయన కాదు, పెయింటు, చానా ధైర్యం చేసినారు, ఇట్లాంటి జిన్ను ఇండియాలో లేదు అంటాండాడు. నేను ఒక్కరినీ తాగనీలేదు. నాలుక మీద చుక్క ఏసుకున్న్యా. ఇంగా నాలుక యాడుండాదో తెలీదు." పెట్టేశాడు.

అన్నకు విషయం చెప్తే, "మొదటి చెంబు సొట్టదైనా ఎవురూ ఇట్ల ఫోను చేయలేదే" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

మర్నాడు బల్ల మీది సీసాకు శాంపిలు కాగితాలు రాయించుకుని కోరమంగల వెళ్లాను. దారంతా క్షమాపణలు తయారుచేసుకున్నాను. అన్నింట్లోనూ ఏదో ఒక జోకు దూరింది. చివరికి ఏమీ అనకుండా సీసా ఆయన ముందు పెట్టాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, చెయ్యి చాచినంత దూరం నుంచి మూత తీశాడు. వాసన చూశాడు. కుర్చీ ముందుకు జరిగింది. కొంచెం పోసుకున్నాడు, నీళ్లు కలిపి ఇంకొంచెం. మొహంలో ఏమీ కనబడలేదు. నా వీపుకు అప్పుడే స్టూలు గుర్తొస్తోంది.

"నిన్న దీన్నే ఇచ్చింటే నీకు ఈ పెట్రోలు ఖర్చు తప్పేది కదా" అన్నాడు. "డిపోలో ఒక పెట్టె అడుగుతా. అమ్ముడుపోతే ఇంగోటి."

అక్కడితో లేచి వచ్చేస్తే నేను నేనెందుకవుతాను? తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. "సార్, నిన్నటి సీసా నిజానికి దేవుడికి పెట్టింది. అది మీ చేతికి వచ్చిందంటే, మా లెక్కలో మీరూ దేవుడూ ఒకటే."

ఆయన గ్లాసు దించకుండానే అన్నాడు: "దేవుని ముందర అంతసేపు పెట్టినారు కదప్పా, ఆయప్ప ఒక్క చుక్కైనా ముట్టినాడా? ఆయప్పకుండే తెలివి నాకు లేకపాయ."