సలహాలక్క నోట్లో లవంగం

లోకంలోని సమస్యలన్నిటికీ మన దగ్గర జవాబులున్నాయని గట్టిగా నమ్మే కాలం మనిషికి ఒకటి వస్తుంది. నాకది ముప్ఫై నిండకముందే, సిద్దిపేటలో, తొంభయ్యో దశకం మొదటి రోజుల్లో వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేసేదాన్ని. చేనేత ఊళ్లు తిరగడం, ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం, వాళ్లు నోరు తెరిచేలోపే ఏం చెయ్యాలో చెప్పెయ్యడం నా ఉద్యోగం (చివరిది సంస్థవాళ్లు చెప్పింది కాదు, నేనే కలుపుకున్నాను). పిల్లాడికి విరేచనాలా? ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడా? మహిళా సంఘం. నేను దుబ్బాకలో బస్సు దిగితే చాలు, "సలహాలక్క వచ్చింది" అనుకునేవాళ్లు. అది బిరుదనుకుని రెండేళ్లు మురిసిపోయాను.

అలాంటి నేను, ఇంకా పెద్ద సలహాలు నేర్చుకోవచ్చన్న ఆశతో, హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం పెట్టిన పైచదువులో చేరాను. ఉద్యోగాలు చేసుకుంటున్న సంఘసేవకుల కోసమే పెట్టిన చదువది. శని, ఆదివారాలు తరగతులు. మిగతా రోజుల్లో ఎవరి ఊళ్లో వాళ్లు పని చేసుకోవచ్చు. మా అత్తమ్మకు ఈ లెక్క అస్సలు మింగుడు పడలేదు. "నౌకరి కోసం సదువుతరు గని, నౌకరి దొరికినంక సదువేంది?" అని వాడకట్టంతా అడిగింది. మా సంస్థ పెద్దసారు మాత్రం శనివారాలు సెలవిచ్చాడు. "ఫెయిలైతే సెలవు బంద్, సదువు బంద్" అని నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాటే కాగితం మీద రాయించి నాచేత సంతకం పెట్టించుకున్నాడు.

అక్కడ మాకు పాఠం చెప్పే పెద్దాయనకు మేం పెట్టుకున్న పేరు మౌనం సారు. మొదటిరోజే ఆయన నా కాళ్ల కింద నేల లాగేశాడు. సంఘసేవకులు సలహా ఇవ్వకూడదట! వినాలట. ఎదుటి మనిషి తన దారి తానే వెతుక్కునేదాకా ఓపిక పట్టాలట. మౌనం ఎంత గొప్పదో ఆయన రెండు గంటలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. నా పక్కన కూర్చునే దవాఖాన ఉద్యోగి, "ఇరవై ఏండ్ల సంది గిదే పని జేస్తున్న. గిప్పుడొచ్చి నోరు మూసుకొమ్మంటుండు" అని గొణిగాడు. ఆ తర్వాత అసలు పిడుగు పడింది. ప్రతి ఒక్కరూ ఒక మనిషిని ఎంచుకుని, మూడుసార్లు కలిసి, ఇద్దరూ మాట్లాడిన ప్రతి మాటా పొల్లు పోకుండా నోటుపుస్తకంలో రాసి తరగతిలో చదవాలి. అందులో సలహా కనబడకూడదు. ఈ పరీక్ష తప్పితే చదువే తప్పినట్టు.

నేను కండెల అవ్వను ఎంచుకున్నాను. దుబ్బాకలో రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టే ముసలామె. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, మనుషులను గొంతును బట్టే పోల్చుకునేది. పోగు తెగితే వేళ్లతో తడిమి ముడి వేసేది. ఆపరేషను చేయించుకోమని ఏడాదిగా చెబుతున్నాను. ఏడాదిగా "ఊ" అంటోంది, కదలడం లేదు. మొండిదని తేల్చేశాను.

మొదటిసారి వెళ్లి, "ఎట్లున్నవవ్వా?" అన్నాను. "గిట్లున్న బిడ్డా" అంది. ఇక్కడ నేను మౌనంగా ఉండాలి. మనసులో లెక్కపెట్టాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు దాకా పోలేకపోయాను. "అవ్వా, వచ్చే నెల బడిల కంటి శిబిరం పెడుతున్నరు. పైసా ఖర్సు లేదు. నొప్పి గూడ ఉండదు" అని మొదలుపెట్టి, కంటి నిర్మాణం దాకా వెళ్లి గానీ ఆగలేదు. ఇంటికొచ్చి రాసుకుంటే నా మాటలు మూడు పేజీలు, అవ్వవి పదకొండు "ఊ"లు.

రెండోసారికి ఉపాయం ఆలోచించాను. నోట్లో ఒక లవంగం పెట్టుకున్నాను. అది ఉన్నంతసేపూ పెదవి విప్పకూడదని ఒట్టు. వెళ్లి కూర్చున్నాను. అవ్వ నా అడుగుల చప్పుడు పోల్చుకుని, ఎప్పుడూ కురిసే నా సలహాల వాన కోసం కాసేపు ఎదురుచూసింది. వాన రాలేదు. రాట్నం ఆపింది. "బిడ్డా, గొంతు వోయిందా?" నేను తల అడ్డంగా ఊపాను (ఆమెకు కనబడదన్న సంగతి నాకు తట్టనే లేదు). అవ్వ గాబరా పడిపోయి, "జర ఇటు రాండ్రి! సలహాలక్కకేమో అయింది, మాట వస్తలేదు!" అని కేకేసింది. మగ్గాలు ఆగిపోయాయి. వాడకట్టు ఆడవాళ్లందరూ వచ్చి పడ్డారు. ఒకామె నా వీపు రుద్దింది. "మాట మీద దిష్టి వడ్డది. గంతగనం మాట్లాడితే వడదా మరి?" అని ఇంకొకామె ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల మీద వేసింది. ఆ పొగకు ఉక్కిరిబిక్కిరై దగ్గబోతే లవంగం కాస్తా గొంతులోకి జారిపోయింది. ఇంకేముంది, దిష్టి తియ్యడం మూఢనమ్మకమని, పొగ ఊపిరితిత్తులకు చేటని పావుగంట ఉపన్యాసమిచ్చాను. అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుని, "హమ్మయ్య, మంచిగైంది" అని రాట్నం తిప్పుకుంది.

ఇక ఒక్కసారే మిగిలింది. వచ్చే ఆదివారం నోటుపుస్తకం చదవాలి. దుబ్బాక బస్సులో కూర్చుంటే పెద్దసారు రాయించిన కాగితం మీది నా సంతకమే కళ్ల ముందు కనబడింది. అవ్వ గుమ్మంలోకి వెళ్లి, పలకరించడం కూడా మరిచి కూలబడ్డాను.

"ఏంది బిడ్డా, గట్లున్నవ్?"

అంతే, కట్ట తెగింది. "నాకు భయమైతున్నదవ్వా. అక్కడ అందరు ఇంగిలీషుల మాట్లాడుతరు, నాకు సగం సమజ్ కాదు. నేను ఫెయిలైత. అత్తమ్మ ముందర, ఆఫీసుల, అందరి ముందర ఇజ్జత్ పోతది. నాకు సలహా చెప్పుడు తప్ప ఏం రాదవ్వా" అని ఏడ్చాను. అవ్వ రాట్నం తిప్పుతూ "ఊ" అంది. ఇంకా చెప్పాను. "ఊ" అంది. ఒక్క సలహా ఇవ్వలేదు. చెప్పీ చెప్పీ అలిసి, "రాసింది రాసినట్టే సదువుత. ఏమన్న గానీ" అని నా అంతట నేనే అన్నాను.

అప్పుడు అవ్వ రాట్నం ఆపింది. "నీక్గూడ భయమైతదా బిడ్డా? నీకు భయమే లేదనుకున్న. కన్ను కోస్తరంటే నాక్గూడ మస్తు భయం. నీకెట్ల జెప్పాలె? నువ్వు జెప్పనియ్యవాయె." పోగు తడుముకుంటూ, "నువ్వు వొయ్యి నీ కాయితం సదువు. నేను వొయ్యి కన్ను సూపించుకుంట" అంది.

నాకు సిగ్గేసింది. ఏడాదిగా మొండితనం అనుకున్నది భయమట. ఈసారి నేను "ఊ" అన్నాను.

ఆదివారం తరగతిలో చదివాను. లవంగం దగ్గర బెంచీలు విరిగేలా నవ్వారు. మూడోది చదివాక ఎవరూ నవ్వలేదు. మౌనం సారు మొదటిసారి నిజంగా మౌనంగా కూర్చున్నాడు. చివరికి, "ఇందులో సంఘసేవకురాలు ఎవరమ్మా?" అన్నాడు.

"అవ్వ, సార్."

"మరి మార్కులు ఎవరికెయ్యాలి?"

"ఆమె ఫీజు కట్టలేదు గద సార్, నాకే ఎయ్యుండ్రి" అన్నాను. ఆయన పుస్తకం మీద ఎర్రసిరాతో 'ఇద్దరూ పాస్' అని రాశాడు.

మరుసటి నెల దవాఖానలో అవ్వ కంటి కట్టు విప్పినప్పుడు ఎదురుగా నేనే ఉన్నాను. కళ్లు చికిలించి నన్ను పైనుంచి కిందికి చూసి, "సలహాలక్కవు నువ్వేనా? గింత సిన్న పోరివా! నీ మాటలు ఇని యాభయ్యేండ్ల మనిషనుకున్న" అని పకపకా నవ్వింది.

ఆ యాభై నేను ఎప్పుడో దాటేశాను. అవ్వ లేదు. నా కుడికంట్లో శుక్లం వచ్చింది. మా అమ్మాయి రోజూ ఫోన్ చేస్తుంది. "పావుగంట పనమ్మా. నొప్పి ఉండదు. పొద్దున పోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటావ్" అంటుంది. ప్రతి మాటా సరైనదే, ఎవరి పోలికో నాకు తెలియనిదీ కాదు. నాకు భయమేస్తోందని చెబుదామని నోరు తెరిచేలోపు కంటి నిర్మాణం దగ్గరికి వెళ్లిపోతుంది. నేను "ఊ" అంటాను.