దంబా అన్న బండికి ఎత్తు పడదు

దంబా అన్న బండి చెడిపోయిందంటే ఆ ఊళ్ళో ఎవరూ తల తిప్పి కూడా చూడరు. పాత రష్యా వ్యాన్లు చెడిపోవడానికే పుట్టాయి, అవి చెడిపోయిన చోటల్లా దిగి బాగుచేసుకోవడానికి మంగోలియా డ్రైవర్లు పుట్టారు. దంబా అన్న గొప్పతనం అది కాదు. ఆయన బండి ఎప్పుడు చెడినా ఒకే చోట చెడుతుంది. కొండసరస్సుకి వెళ్ళే దారిలో, రాళ్ళ ఎత్తు మొదలయ్యే ముందు, ఎర్ర బండరాయి పక్కన. ఆ రాయికి గజం ముందూ చెడదు, గజం తరవాతా చెడదు.

ఊరివాళ్ళు ఆ రాయికి దంబా గ్యారేజీ అని పేరు పెట్టేశారు. ఎవరికైనా దారి చెప్పాల్సివస్తే "దంబా గ్యారేజీ దాటాక బురద తగుల్తుంది, ఎడమకి కొట్టు" అనేవాళ్ళు. ఎవరో కొంటెవాడు దాని మీద సుద్దతో 'ఆదివారం సెలవు' అని రాశాడు. దంబా అన్న ఆ రాత చదివి, కడుపుబ్బ నవ్వి, ఆ ఆదివారం కూడా అక్కడే ఆగాడు.

ఆగడం కూడా ఓ పద్ధతి ప్రకారం జరిగేది. బండి ముందు దగ్గేది, తరవాత మూలిగేది, ఆ తరవాత చల్లబడిపోయేది. దంబా అన్న తన చిన్న టోపీ తీసి స్టీరింగుకి తగిలించేవాడు. ఆ భారీ తలకాయ మీద ఆ టోపీ ఎలా నిలుస్తుందన్నది వేరే కథ. డ్రైవరు సీటు పక్కనే ఉండే ఇంజను పెట్టె మూత ఎత్తి, రోగిని చూసే డాక్టరులా లోపలికి చాలాసేపు చూసేవాడు. ఎండు పెరుగు ముక్క ఒకటి నోట్లో వేసుకుని ఓ నిట్టూర్పు విడిచేవాడు.

"ఎత్తు పడదు దీనికి. బరువు తగ్గాలి. కాస్త నడవగలిగినవాళ్ళు నడిస్తే పుణ్యముంటుంది."

అంతటితో ఊరుకోడు. వెనకాల వచ్చే బండి దగ్గరికి వెళ్ళి, "మీలో కూడా ఎవరైనా దిగి ముందు నడవండమ్మా, రాళ్ళు చూపించినట్టుంటుంది" అని బతిమాలేవాడు. జనం తిట్టుకుంటూ దిగేవాళ్ళు. వాళ్ళు దిగీ దిగగానే బండికి ప్రాణం లేచొచ్చేది. ఆ రాళ్ళ మీద మేకపిల్లలా ఎగిరి ఎక్కి, పైన నిలబడి వాళ్ళ కోసం ఎదురుచూసేది.

ఆ వెనకాల వచ్చే బండి చులూన్‌ది. ఊళ్ళో ఏ ఇంజను ఆగినా చులూన్‌నే పిలుస్తారు. కళ్ళు మూసుకుని చప్పుడు విని రోగం చెప్పేస్తాడని పేరు, ఆ పేరు అందరికంటే ముందు తనే చెప్పుకుంటాడు. జపాను జీపు కొన్నాక మనిషి నేల మీద నిలవడం మానేశాడు. "ఆ రాళ్ళ ఎత్తు మీద నేను నడుపుతుంటే మా దులామ్ హాయిగా నిద్రపోయింది తెలుసా. అంత మెత్తగా ఎక్కిస్తాను" అని ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాడు. దులామ్ ఆయన భార్య. పక్కనే ఉంటే ఏమీ అనేది కాదు, టీ పోసేది.

అలాంటి చులూన్‌కి ఏటా దంబా గ్యారేజీ దగ్గర పడిగాపులు పడటమంటే ఒళ్ళు మండేది. దారి ఒక బండి పట్టేంతే. ఓ పక్క బురద, ఓ పక్క రాళ్ళు. ముందు వెళదామంటే దంబా అన్న ఒప్పుకోడు. "నెమ్మది బండి ముందుండాలి తమ్ముడూ, లేకపోతే మీరంతా నన్ను మర్చిపోతారు."

ఈ వేసవిలో ఆ మంట తారస్థాయికి చేరింది. సరస్సు ఒడ్డున మందలు కాసుకునే కూతురింట్లో చులూన్ మనవరాలికి మొదటిసారి జుట్టు తీసే వేడుక. గుడారం కప్పు కంతలోంచి పడే ఎండ ఎదుటి పెట్టెల మీదికి రాకముందే మొదటి కత్తెర పడాలని లామా గారు ముహూర్తం పెట్టారు. అంటే మధ్యాహ్నం లోపు సరస్సు చేరాలి. చులూన్ ఆలోచించి ఓ నిర్ణయానికి వచ్చాడు.

"ఈసారి దంబా అన్నని పిలవొద్దు" అన్నాడు భార్యతో.

"ఎందుకని?"

"ఎందుకేమిటి? ఆయన గ్యారేజీ తెరిచేసరికి ఇక్కడ పిల్ల జుట్టు మోకాళ్ళ దాకా పెరుగుతుంది."

"దంబా అన్న బండి రాకపోతే నేను రాను" అంది దులామ్, పిండి పిసుకుతూ.

"సొంత మనవరాలి వేడుకకి?"

"నేనిక్కణ్ణుంచే దీవిస్తాను."

చులూన్ ఎన్ని విధాల అడిగినా అంతకు మించి ఒక్క మాట రాలేదు. దులామ్ నోరు విప్పకూడదనుకుంటే ఏ పానాతోనూ విప్పలేమని ఆయనకి అనుభవమే. దాంతో వేరే దారి పట్టాడు. దంబా అన్న వ్యాను తన షెడ్డుకి తోలించుకుని, ప్లగ్గులు మార్చి, కార్బొరేటరు కడిగి, పెట్రోలు పంపు విప్పి, గొట్టాలన్నీ కొత్తవి వేసి, దాన్ని పెళ్ళికూతుర్ని చేశాడు. దంబా అన్న పక్కన పీట వేసుకు కూర్చుని దిగులుగా చూశాడు.

"ఇంత అవసరమా తమ్ముడూ?"

"ఇంక ఇది చెడితే నా పేరు మార్చుకుంటాను."

"అయ్యో, పేరెందుకు మార్చుకోవడం" అన్నాడు దంబా అన్న, నిజంగానే కంగారుపడి.

బయల్దేరే పొద్దున చెందే అవ్వ ప్రయాణం బాగా సాగాలని రెండు బండ్ల వెనకా గరిటెతో పాలు చల్లింది. అవ్వ ఊరందరికీ అవ్వే, దంబా అన్న సీటు వెనకాల ఆవిడ చోటు ఖాయం. ఎక్కుతూనే మొదలుపెట్టింది. "ఒరే దంబా, గ్యారేజీ తెరిచే ఉంచావా?"

"ఇవాళ చులూన్ చేతి పని అవ్వా, ఆగదు."

"ఆగకపోతే నా మోకాళ్ళు పట్టేస్తాయిరా. నడవడానికే చెప్పులు కూడా వేసుకొచ్చాను."

వ్యాను నిజంగానే గాలిలా పోయింది. రెండు వాగులు దాటింది. కొండదారిలో రాళ్ళగుట్ట వస్తే ఆగి, చుట్టూ మూడుసార్లు తిరిగి దణ్ణం పెట్టుకుని మళ్ళీ ఎక్కారు. వెనక జీపులో చులూన్ ఇంజను చప్పుడు విని మురిసిపోతున్నాడు. ఎండ కేసి చూసుకుంటున్నాడు గానీ ఎప్పుడు చేరతామని మాత్రం అనడం లేదు. దారిలో ఆ మాట నోట రానిస్తే దారి అలుగుతుంది, ఆ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. పక్కన దులామ్ కొండలు దగ్గరపడేకొద్దీ మాటలు తగ్గించింది.

ఎర్ర బండరాయి కనబడింది. వ్యాను దగ్గింది. మూలిగింది. ఆగిపోయింది.

చులూన్ జీపులోంచి దూకి పరిగెత్తాడు. దంబా అన్న అప్పటికే టోపీ తీసి స్టీరింగుకి తగిలించేశాడు. "ఎత్తు పడదు దీనికి" అంటున్నాడు. అవ్వా, మిగతా ఆడవాళ్ళూ దిగిపోతున్నారు. "చులూన్ చేతి పని కదా, అందుకే ఇంత అందంగా ఆగింది" అని అవ్వ ఒక చురక వేసి కర్ర అందుకుంది.

చులూన్ చొక్కా చేతులు మడుచుకున్నాడు. పరువు పోతోంది, ముహూర్తం పోతోంది. ఇంజను పెట్టె తెరిచి ప్లగ్గులు చూశాడు, నిప్పు బాగానే ఉంది. పంపు చూశాడు, బాగానే ఉంది. కార్బొరేటరు ఎండిపోయి ఉంది. పెట్రోలు రావడం లేదు. గొట్టం వెంట చెయ్యి పోనిచ్చుకుంటూ డ్రైవరు సీటు కింద దాకా వెళ్ళాడు. అక్కడ రెండు ట్యాంకులకీ మధ్య కుళాయి ఉంటుంది. ఆ కుళాయి మూసి ఉంది. దాని పిడి మీద ఇనుము మెరుస్తోంది, అన్నేళ్ళుగా బూటు మడమ తగిలి తగిలి అరిగిపోయినట్టు.

తలెత్తి చూశాడు. దంబా అన్న నోట్లో ఎండు పెరుగు నమలడం ఆపేశాడు.

"మీరే కట్టేస్తున్నారా?"

"మెల్లిగా మాట్లాడు తమ్ముడూ."

"ఇన్నేళ్ళూ మీరే..."

"వెనక ఆ వంపు దగ్గర దాన్ని తిప్పితే సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి ఆగుతుంది. మొదట్లో కుదరలేదనుకో, ఓసారి బురదలో ఆగింది" అన్నాడు దంబా అన్న, కాస్త గర్వంగా. తరవాత గొంతు తగ్గించాడు. "నువ్వు జీపు కొన్న ఏడు, పైన ఆ నాపరాళ్ళ మీద నీ చక్రం గాల్లో వేలాడింది, గుర్తుందా?"

"ఎంత బాగా దాటించాను."

"బాగానే దాటించావు. సరస్సు దగ్గర మీ ఆవిడ దిగలేకపోయింది. తలుపు పిడి పట్టుకున్న వేళ్ళు విడిపడలేదు. ఒక్కో వేలూ నేనే విప్పాను. నువ్వప్పుడు బండి చుట్టూ తిరుగుతూ ఎక్కడా గీత పడలేదని సంబరపడుతున్నావు."

"తను నిద్రపోయింది" అన్నాడు చులూన్.

"కళ్ళు మూసుకుంది."

చులూన్‌కి మొహం వేడెక్కింది. ఎంతమందికి చెప్పుకున్నాడో ఆ నిద్ర సంగతి. అన్నిసార్లూ పక్కనే నిలబడి టీ పోసింది.

"దిగి నడుస్తానని నీతో అనలేకపోయింది. ఊళ్ళో అందరికంటే మంచి డ్రైవరు పెళ్ళాం ఎలా అంటుంది? అందుకని నా బండికి జబ్బు చేయించాను. నాకేం పోయింది? నా బండి సంగతి అందరికీ తెలిసిందే" అన్నాడు దంబా అన్న. "కానీ ఇవాళ పిల్ల పని ఉంది. నీకు తొందరంటే చెప్పు, కుళాయి తిప్పేస్తాను, అందరినీ ఎక్కించుకుని పోదాం."

చులూన్ అద్దంలోంచి బయటికి చూశాడు. దులామ్ తలకి గుడ్డ కట్టుకుని, అవ్వ చెయ్యి పట్టుకుని అప్పుడే ఎత్తెక్కుతోంది. ఏదో చెబుతోంది, అవ్వ నవ్వుతోంది. జీపులో పొద్దుటినుంచీ బిగుసుకుపోయి కూర్చున్న మనిషి, చేతులూపుకుంటూ నడుస్తోంది. సూర్యుడు మాత్రం ఎవరి కోసమూ ఆగేలా లేడు.

చులూన్ చేతులకి బాగా మసి పూసుకుని కిందికి దిగాడు.

"ఏమైందిరా?" అని పైనుంచి అరిచింది అవ్వ.

"పెద్ద జబ్బే అవ్వా. నాకు అంతు చిక్కలేదు. అందరూ నడవాల్సిందే." జీపు కేసి చూసి, "నా బండీ వేడెక్కింది" అని కూడా అన్నాడు. జపాను జీపు గురించి ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు.

వాళ్ళు సరస్సు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటేసింది. చులూన్ ముందుగా పరిగెత్తాడు. గుడారం తలుపు తోసి లోపలికి వెళితే కటిక చీకటి. వియ్యపురాలు దోల్గోర్ కప్పు కంత మీదికి కంబళి లాగించి తాడు బిగించి కట్టేసింది.

"ఎండ పెట్టెల మీద పడకముందే అన్నారుగా గురువుగారు. పడనిస్తేగా" అంది.

"నాకిక్కడ ఏమీ కనబడటం లేదు, కాబట్టి నేనేమీ అనలేను" అన్నారు లామా గారు చీకట్లోంచి, ఉప్పు టీ చప్పరిస్తూ. అలా దీపం వెలుగులో మొదటి కత్తెర పడింది.

సాయంత్రం దులామ్ నీళ్ళకి వెళుతుంటే చులూన్ డబ్బాలు పట్టుకుని వెంట వెళ్ళాడు.

"ఒక్కసారి నాతో అని ఉంటే నెమ్మదిగా నడిపేవాణ్ణిగా."

"నెమ్మదిగా భయపడేదాన్ని."

అది కూడా నిజమే అనిపించింది ఆయనకి. "ఒక సంగతి చెబుతాను, ఎవరితో అనకు. దంబా అన్న బండికి ఏ జబ్బూ లేదు."

"సీటు కింద కుళాయి" అంది దులామ్, డబ్బా ముంచుతూ.

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. అవ్వ ఆయన వెనకే కూర్చుంటుందిగా, మొదటి ఏడే చూసింది మడమతో తిప్పడం. నీకు తప్ప ఊరందరికీ తెలుసు."

"తెలిసి కూడా ఆ గ్యారేజీ, ఆ సెలవు, ఆ వెక్కిరింతలేమిటి?"

"వెక్కిరించకపోతే మాకు తెలిసిపోయిందని ఆయనకి అనుమానం రాదూ? పాపం, ఎంత శ్రద్ధగా చెడగొట్టుకుంటాడు. సిగ్గుపడి మానేస్తే నేనెలా నడవాలి?"

అప్పుడే దంబా అన్న ఒడ్డు వెంట వాళ్ళ దగ్గరికి వచ్చాడు. మొహంలో మహా దిగులు. తిరుగుదారిలో అదే ఎత్తు పల్లమవుతుందన్న సంగతి ఆయన మర్చిపోలేదు.

"తమ్ముడూ, బ్రేకులెందుకో మెత్తగా తగులుతున్నాయి. రేపు దిగేటప్పుడు కాస్త బరువు తగ్గిస్తే మంచిదేమో. నువ్వేమంటావు?"

ఆ బ్రేకులు చులూన్ స్వయంగా బిగించినవి. అవి వదులైతే కొండలే కదలాలి. దులామ్ నీళ్ళ వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ డబ్బా మూత పెడుతోంది.

"అవునన్నా" అన్నాడు చులూన్. "బ్రేకుల పని నాకు సరిగ్గా రాదు."