లెక్కలోకి రాని వడ్రంగి

మొన్న కోడలితో కలిసి రాయగడలో సరుకులు కొంటుంటే, ఎద్దు బొమ్మ వేసిన గాజుసీసా ఒకటి కనబడింది. దాని మీద 'అసలైన గానుగ నూనె' అని రాసుంది. కోడలు ముచ్చటపడి తీసుకోబోతే నేను చిరాకుపడి వద్దన్నాను. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు, నా చిరాకంతా నా మీదే. మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఒకప్పుడు నూనె అంటే గానుగదే, దానికి వేరే పేరు ఎవరూ పెట్టలేదు.

గుణుపురంలో మా నాన్నకు ఎద్దుగానుగ ఉండేది. నువ్వులూ, కొండల మీంచి వచ్చే వలిసె గింజలూ ఆడేవారు. గానుగ రోలులో కర్ర రోకలి తిరిగే కిర్రు చప్పుడుకే రోజూ నాకు మెలకువ వచ్చేది, లేస్తూనే తెలకపిండి కోసం చెయ్యి చాపి అమ్మ చేత తిట్లు తినేదాన్ని. నేను లెక్కల లెక్చరర్నై, ఆ ఊళ్ళోనే పనిచేస్తూ పరిశోధనకు దిగిన రోజుల్లో కరెంటు మిషన్లు రావడం మొదలైంది. నా అంశమూ అదే అయింది. పాత పనిపద్ధతీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తున్నప్పుడు, ఏదో ఒక అంకె కొంచెం కొంచెంగా పెరుగుతున్నా చాలాకాలం ఏమీ మారినట్టుండదు, ఒక చోటికి రాగానే ఉన్న ఒక్క దారీ రెండుగా చీలి ఊరంతా ఒక వైపుకి జారిపోతుంది, ఆ పైన అంకెను వెనక్కి తెచ్చినా ఊరు వచ్చిన దారిన తిరిగి రాదు. దీన్ని బైఫర్కేషన్ అంటారనీ, కొమ్మకుండే పంగలాంటిదనీ నాన్నకు కాగితం మీద గీసి చూపించాను.

"పంగ వరకూ బాగానే ఉందమ్మీ, సివరికి నామం ఎట్టీకు" అని నవ్వారు.

నవ్వారే గాని, గానుగ తీసేసి మిషను పెట్టాలా, ఎద్దుల్నే నమ్ముకోవాలా అన్నది ఆయనకు అన్నం సయించనివ్వని సంగతి. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కనక నన్నే అడిగారు. నేను కల్యాణసింగ్‌పూర్ దాకా గానుగలున్న ఇళ్ళన్నీ తిరిగి, గింజల ధర, ఎద్దుల మేత, కూలి, ఆఖరికి కరెంటు కోతలతో సహా సమీకరణంలో పెట్టి, పంగ ఇంకా చాలా దూరముంది, నిశ్చింతగా గానుగ నడపండి అన్నాను. ఆ మాట అనడంలో నాకెంత గర్వమో!

ఏటా ఎండాకాలంలో బంధుగాం నుంచి ఒక వడ్రంగి వచ్చి, మా అరుగు మీద వారం రోజులు మకాం వేసి, అరిగిన రోకలి స్థానంలో కొత్తది చెక్కి వెళ్ళేవాడు. చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు అతనొక్కడే.

"ఈ యేడు వడ్రంగి రానేదమ్మీ. నీ లెక్కలో ఆడున్నాడేటి?" అన్నారు నాన్న.

నాకు నవ్వొచ్చింది. ఏడాదికి వారం పనిచేసే మనిషిని సమీకరణంలో ఎవరు పెడతారు? చిన్నవి వదిలేస్తేనే లెక్క తేలుతుందని సర్దిచెప్పాను. ఒక్కొక్క గానుగే తగ్గుతుంటే ఊళ్ళు తిరగడం గిట్టక, అతను విశాఖ వెళ్ళి తలుపులూ కిటికీలూ చేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. మిగిలిన గానుగల రోకళ్ళు అరిగిపోయి, చెక్కేవాడు లేక, మాదానితో సహా అన్నీ ఒక్క ఏడాదిలోనే ఆగిపోయాయి. నేను దూరముందన్న పంగ మా అరుగు మీదే ఉంది. అప్పటికే ఊరికి సరిపడా మిషన్లు వచ్చేసి, మేము మిషను పెట్టే అదను కూడా దాటిపోయింది. నాన్న ఎద్దుల్ని సంతకు తోలించి, మిషను వాళ్ళ దగ్గర గింజలు తూచే పనికి కుదిరారు.

నాకు డాక్టరేటు వచ్చింది. అట్టకట్టిన ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది, అందులో గైడుగారికి, నాన్నకు, టైపు చేసినాయనకు కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఇప్పుడు జనం మళ్ళీ గానుగ నూనె కావాలంటున్నారు, సీసా మీదికి ఎద్దు బొమ్మయినా తిరిగొచ్చింది, మా ఊళ్ళోకి రోకలి చెక్కే చెయ్యి మాత్రం రాలేదు. ఆ సీసా చూసి ఇంటికొచ్చిన రోజున పుస్తకం తీసి, ఆ వడ్రంగిని కనీసం కృతజ్ఞతల పేజీలోనైనా చేర్చుదామని కలం పట్టుకున్నాను. పేరు గుర్తు రాలేదు. అసలు నాకెప్పుడూ తెలియదు. నాన్నకు తెలుసు, ఆయన ఉన్నన్నాళ్ళూ అడగాలని నాకు తోచలేదు.